ఒకే సామగ్రి, మూడు వయసులు: ఇంటి సంరక్షణలో చేతి ఆటల ఏర్పాటు

ఇంట్లో నలుగురైదుగురు పిల్లలను చూసుకొనే చోటుకూ బడికీ ఉన్న ముఖ్యమైన తేడా వయసుల కలయిక. బడిలో ఒక గదిలో ఒకే ఈడు పిల్లలు ఉంటారు. ఇంటి సంరక్షణలో మాత్రం పాకే పసిపాప, ఇప్పుడిప్పుడే పరుగులు నేర్చిన రెండేళ్ల పిల్లవాడు, ప్రశ్నలు ఆపని నాలుగేళ్ల పిల్ల ఒకే చాప మీద ఉంటారు. ఇలాంటి చోట చాలామంది ఒక్కొక్క వయసుకు ఒక్కొక్క కార్యక్రమం సిద్ధం చేయాలని చూస్తారు. అందుకు ముందురోజు నుంచే సన్నాహం కావాలి, తీరా మొదలుపెడితే అది పది నిమిషాల్లో అయిపోతుంది, పైగా ఒకరి ఆట సాగడం కోసం మరొకరిని దూరంగా ఎత్తుకొని కూర్చోవలసి వస్తుంది. అంతకంటే నిలకడగా సాగే పద్ధతి, ఏ వయసు పిల్లలైనా తమకు చేతనైన చోట అందుకోగల సామగ్రిని ఒక్కటే ఎంచుకొని, దాన్నే వేర్వేరు మెట్లలో అమర్చడం. నీళ్లు, పిండి ముద్ద, చెక్క దిమ్మలు, కాగితం, అట్టపెట్టెలు ఉంటే నెలల తరబడి కొత్త బొమ్మ కొనవలసిన అవసరం రాదు.

ఈ అయిదింటికీ ఉన్న సమాన లక్షణం ఏమిటంటే, తమతో ఏమి చేయాలో అవి ముందే చెప్పవు. మీట నొక్కితే పాట పాడే బొమ్మకు ఒకటే ఉపయోగం. అది తెలిసిన మరుక్షణం పిల్లవాడికి దానితో పని తీరిపోతుంది. అట్టపెట్టె ఈ పూట ఇల్లు, రేపు బండి, ఎల్లుండి దాక్కొనే చోటు. పరిసరాల్లో మార్చడానికి, కలపడానికి, విడదీయడానికి వీలైన వస్తువులు ఎంత ఎక్కువ రకాలుగా ఉంటే అక్కడ కొత్త ఆలోచనకు అంత చోటు ఉంటుందని బ్రిటిష్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో ప్రతిపాదించిన ‘విడిభాగాల సిద్ధాంతం’ చెబుతుంది. ఇంట్లో పిల్లలను చూసుకొనేవారికి ఇది సిద్ధాంతం కంటే సౌకర్యంగానే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే ఇలాంటి వస్తువులు సగం ఇంట్లోనే దొరుకుతాయి.

ఆట కంటే ముందు చూసుకోవలసినవి

వయసులు కలిసి ఉన్నచోట పెద్దపిల్లల ఆటవస్తువే చిన్నపిల్లలకు ప్రమాదం. మూడేళ్ల లోపువారి బొమ్మలను పరీక్షించడానికి భద్రతా ప్రమాణాలలో ఒక చిన్న గొట్టాన్ని వాడతారు. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, లోతు ఒక అంచున 25.4, ఎదుటి అంచున 57.1 మిల్లీమీటర్లు ఉండేలా లోపలి అడుగు వాలుగా ఉంటుంది. ఎటు తిప్పి వేసినా సరే, అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు మూడేళ్ల లోపువారి చేతికి అందకూడదు. ఇంట్లో అలాంటి గొట్టం లేనివారు టాయిలెట్ పేపర్ చుట్ట మధ్యలో ఉండే అట్ట గొట్టాన్ని వాడుకోవచ్చు. అది ఇంకాస్త వెడల్పుగా ఉంటుంది గనుక పరీక్ష మరింత గట్టిగానే జరుగుతుంది. పరీక్షలో నెగ్గిన వస్తువునైనా ఒకసారి లాగి, వంచి, నేలకేసి తట్టి చూడాలి, ఎందుకంటే ఊడివచ్చే చక్రం, బొత్తాం కూడా చిన్న వస్తువులే.

కొన్నిటిని పరీక్షించే పని కూడా లేదు, ఇంట్లో పిల్లలు తిరిగే చోటికి అవి రాకూడదు. బొత్తాం ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీ అన్నవాహికలో చిక్కుకుంటే 2 గంటల్లోనే లోపలి పొరను తీవ్రంగా కాల్చివేయగలదు. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు మింగితే అవి పేగుల గోడలను మధ్యలో బిగించి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. నీటిలో ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు అందంగానే ఉంటాయి గానీ కడుపులోకి పోయాక కూడా ఉబ్బుతూనే ఉంటాయి. ఊదని బెలూన్, పగిలిన బెలూన్ ముక్క గొంతుకు అడ్డం పడితే గాలి ఆడదు. ఈ నాలుగింటి విషయంలో ‘చూస్తూ ఉంటే ఫరవాలేదు’ అనే మాటకు తావు లేదు.

దారం, తాడు జానెడు కంటే పొడవుగా ఉంటే పెద్దవారు పక్కన కూర్చున్నప్పుడు మాత్రమే బయటికి తీయాలి. పూసలు గుచ్చడం, గింజలు ఏరడం వంటి పనులను పసిపాప నిద్రపోయే వేళకు కేటాయించి, ఎత్తైన బల్ల మీద అంచులున్న పళ్లెంలో పెట్టి చేయించాలి. ఆట ముగిశాక గింజలను పోసినప్పుడు ఎన్నో లెక్కపెట్టినట్టే తీసేటప్పుడూ లెక్కపెట్టాలి. నాలుగేళ్ల పిల్లకు ఆ లెక్కే ఒక ఆట.

చోటు

ప్రత్యేకమైన గది అక్కరలేదు. మోకాలి ఎత్తుకు మించని తలుపుల్లేని అర ఒకటి, చుట్టి పెట్టుకోగల చాపలు రెండు మూడు, అంచులున్న పళ్లేలు, పిల్లల పాదాలు నేలకు ఆనే బల్ల ఉంటే చాలు. ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో తొలి శిశుగృహాన్ని తెరిచినప్పుడు చేసిన పనులలో ఇదొకటి: సామాను పిల్లల కొలతకు తగ్గించి, వారు తామే తీసుకొని తామే తిరిగి పెట్టగలిగేలా అమర్చడం. పెద్దవారిని అడిగి తీసుకోవలసిన వస్తువు చుట్టూ రోజంతా బతిమాలడం, మారాం నడుస్తాయి.

అరలో ఒకసారికి ఆరు నుంచి ఎనిమిది వస్తువులు ఉంచితే సరిపోతుంది. మిగిలినవి కనబడకుండా పెట్టెలో ఉండాలి. అన్నీ ఎదురుగా ఉన్నప్పుడు పిల్లలు వాటిని కుమ్మరించి వెళ్లిపోతారు. కొన్నే ఉన్నప్పుడు కూర్చుంటారు. వారానికొకసారి ఒకటి రెండు మార్చవచ్చు, అయితే ఎవరో ఒకరు ప్రతిరోజూ చేతిలోకి తీసుకుంటున్న వస్తువును మార్పు కోసం మార్చడం మంచిది కాదు. ప్రతి వస్తువు పెట్టవలసిన చోట దాని బొమ్మ గీసి అతికిస్తే, మాటలు రాని వయసులోనే తిరిగి సర్దడం అలవాటవుతుంది.

కూర్చోవడం వచ్చిన పసివారికి బుట్ట

ఆసరా లేకుండా కూర్చోగలిగి ఇంకా పాకని పసివారికి ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే శిశు విద్యా నిపుణురాలు రూపొందించిన ‘నిధి బుట్ట’ను మించిన ఏర్పాటు లేదనే చెప్పాలి. సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 12 సెంటీమీటర్ల ఎత్తు, చదునైన అడుగు ఉండి, పిడి లేని గట్టి బుట్ట కావాలి. పాప చేయి ఆనించినా ఒరిగిపోకూడదు. అందులో ప్లాస్టిక్ వస్తువులు పెట్టరు, ఎందుకంటే నోటికీ వేళ్లకూ అవన్నీ ఒకేలా ఉంటాయి. చెక్క గరిటె, చిన్న లోహపు గిన్నె, గట్టి కుచ్చు ఉన్న బ్రష్, ఉన్ని ఉండ, తోలు సంచి, పెద్ద నున్నటి రాయి, గుడ్డ ముక్క, నిమ్మకాయ వంటివి పెట్టవచ్చు. చల్లగా, వెచ్చగా, గరుకుగా, బరువుగా, వాసనగా ఏదో ఒక తేడా ప్రతి వస్తువులోనూ ఉండాలి.

తరువాత పెద్దవారు దగ్గరలో, పాపకు కనబడేలా కూర్చోవాలి, కానీ మాట్లాడకూడదు. ఈ రెండో సగం చాలామందికి కష్టంగా ఉంటుంది. పాప గిన్నెను నోటికి తెచ్చుకొని, తీసి చూసి, మరో చేతిలోకి మార్చి, మళ్లీ నోట్లో పెట్టుకుంటుంది. ఆ మధ్యలో ‘అదిగో గిన్నె, టంగ్‌టంగ్ కొట్టు’ అంటే తల మన వైపు తిరుగుతుంది, ఆ పరిశీలన అక్కడితో తెగిపోతుంది. తొమ్మిది, పది నెలలకు చూపుడువేలు, బొటనవేలు కలిపి చిన్న పోగును కూడా తీయడం మొదలవుతుంది. అప్పటి నుంచి నేల మీద పడిన వాటి విషయంలో జాగ్రత్త రెట్టింపు కావాలి.

నీళ్లు

ఒక్క సామగ్రితోనే ప్రారంభించాలనుకొనేవారు నీళ్లతో ప్రారంభించాలి. వెడల్పాటి తొట్టి, అడుగున పరచడానికి పాత తువ్వాలు, ఒక్కొక్కరికి మార్చుకొనే బట్టలు ఉంటే ఏర్పాటు పూర్తయినట్టే. నీళ్లు 5 సెంటీమీటర్ల లోతు చాలు. అంత తక్కువ నీళ్లలోనూ పసిపిల్లలు మునిగి ప్రాణాపాయం కలగవచ్చు గనుక, తలుపు తట్టినా ఫోన్ మోగినా పిల్లలను తొట్టి దగ్గర వదిలి లేవకూడదు; తప్పనిసరిగా లేవవలసి వస్తే ముందు నీళ్లు పారబోయాలి.

మొదటి రోజు తొట్టిలో రెండు గిన్నెలు, ఒక చిన్న జగ్గు తప్ప ఏమీ వేయకండి. రెండో రోజు స్పాంజి, ఆ తరువాత జల్లెడ, గరాటు, పారదర్శకంగా ఉండే సన్నని సీసా, ఇలా ఒకసారికి ఒకటి చొప్పున చేర్చాలి. అన్నీ ఒకేసారి వేస్తే ఏది ఏమి చేస్తుందో పిల్లలకు విడిగా తెలియదు. జల్లెడ ఒక్కటే కొత్తగా వచ్చిన రోజున, దానిలో నీళ్లు నిలవకపోవడం ఆ రోజు జరిగిన పెద్ద సంఘటన అవుతుంది.

పసిపాపకు వేరే పళ్లెంలో రెండు గరిటెల నీళ్లు పోసి, తడిపిన స్పాంజి ఇచ్చి, మీ ఒడికి ఆనించుకొని కూర్చోబెట్టాలి. పిండినప్పుడు నీళ్లు కారడమే ఆమె పాఠం. పళ్లికిలిస్తూ కొరికితే స్పాంజి ముక్క ఊడివచ్చే ప్రమాదం ఉంది గనుక, పళ్లు వచ్చిన పాపకు స్పాంజికి బదులు దళసరి గుడ్డ ఇవ్వడం మేలు.

రెండేళ్ల పిల్లవాడు జగ్గులోని నీళ్లు గ్లాసులో పోసే తీరును దగ్గరగా గమనించాలి. మొదట భుజం మొత్తం కదులుతుంది, జగ్గు ఒక్కసారిగా ఒరుగుతుంది, నీళ్లు సగం గ్లాసు అవతల పడతాయి. కొన్నాళ్లకు ఖాళీగా ఉన్న రెండో చేయి వచ్చి గ్లాసును పట్టుకుంటుంది. ఆ తరువాత జగ్గు మూతి గ్లాసు అంచుకు ఆనుతుంది, చూపు జగ్గు మీద నుంచి గ్లాసులో పెరుగుతున్న నీటి మట్టం మీదికి మారుతుంది, భుజానికి బదులు మణికట్టు తిరుగుతుంది. చివరగా, గ్లాసు నిండక ముందే చేయి ఆగుతుంది. పోయడం కంటే ఆగడం కష్టమైన పని. తరువాత కాలంలో గీత దగ్గర పెన్సిల్‌ను ఆపేదీ ఆ అదుపే. ఈ క్రమంలో ఏ దశలో ఉన్నాడో తెలిస్తే ఏమి మార్చాలో మీకే తోస్తుంది: ఒలకపోస్తున్నవాడికి చిన్న జగ్గు, వెడల్పు మూతి గ్లాసు ఇవ్వాలి, ఆగడం వచ్చినవాడికి గ్లాసు మీద రంగు టేపుతో గీత పెట్టి అంతవరకే పోయమనాలి.

నాలుగేళ్ల పిల్లకు అదే తొట్టి దగ్గర ఊహించే పని ఉంటుంది. పది వస్తువులు పక్కన పెట్టి, ఏది తేలుతుందో ఏది మునుగుతుందో ముందుగా చెప్పించి రెండు వరుసలుగా పేర్పించి, ఆ తరువాతే నీళ్లలో వేయనివ్వాలి. చిన్న గులకరాయి మునిగి పెద్ద చెక్కముక్క తేలినప్పుడు ‘బరువైనవే మునుగుతాయి’ అనే ఆమె సూత్రం ఇబ్బందిలో పడుతుంది. అప్పుడు నూనె బంకమన్ను ముద్దను వేసి చూడమనాలి, అది మునుగుతుంది. అదే ముద్దను పల్చగా నొక్కి గిన్నెలా మలిస్తే తేలుతుంది. కారణం మీరు చెప్పనక్కరలేదు. ముద్ద మారలేదు, ఆకారం మారిందని ఆమె తానే అనే వరకు రెండు మూడు రోజులు పట్టినా మంచిదే.

పొడవైన సన్న గ్లాసులోని నీళ్లను వెడల్పు గిన్నెలో పోస్తే ‘తగ్గిపోయాయి’ అని ఈ వయసు పిల్లలు అంటారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఈ సంగతిని విస్తారంగా పరిశీలించాడు. ఆకారం మారినా పరిమాణం మారదనే ఎరుక సాధారణంగా ఆరేడేళ్ల ప్రాంతంలో వస్తుంది. అందువల్ల సరిదిద్దడం అనవసరం. ‘మళ్లీ గ్లాసులో పోసి చూద్దామా?’ అనడం సరిపోతుంది.

పిండి ముద్ద

పచ్చి పిండిలో హానికరమైన సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఉంది, పిల్లల చేతులు ఎలాగూ నోటికి పోతాయి, అందుచేత కలిపి ఇచ్చే ముద్ద కంటే ఉడికించిన ముద్ద మంచిది. 2 కప్పుల మైదా, 1 కప్పు ఉప్పు, 2 కప్పుల నీళ్లు, 2 పెద్ద చెంచాల నూనె, 2 పెద్ద చెంచాల నిమ్మరసం దళసరి గిన్నెలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద అడుగంటకుండా తిప్పుతూ ఉండాలి. కాసేపటికి అది గిన్నె అంచులు వదిలి గరిటె చుట్టూ ముద్దగా చేరుతుంది. దించి, చల్లారాక మెత్తగా మర్దించి, గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. ఉప్పు ఎక్కువ గనుక దీన్ని తిననివ్వకూడదు, ఏడాదిలోపు పాపకు అసలు ఇవ్వకూడదు; ఇంట్లో కుక్క ఉంటే దానికీ అందనివ్వకూడదు. గోధుమ పడని పిల్లలు ఉన్నారేమో తల్లిదండ్రులను ముందే అడగాలి.

ముద్దతో పాటు అచ్చులు ఇచ్చే అలవాటు ఉంది. నా అభిప్రాయంలో మొదటి వారాల్లో అచ్చులు అడ్డం. నక్షత్రం అచ్చు చేతికి వస్తే పిల్లలు నక్షత్రాలు కోస్తారు, అంతే. వట్టి ముద్ద ఇస్తే గుద్దుతారు, చీలుస్తారు, పాములా పొడవుగా దొర్లిస్తారు, గోటితో గుచ్చుతారు, ముక్కలు ఉండలు చేసి వరుసగా పెడతారు; వేళ్లకు బలం ఈ పనుల్లోనే వస్తుంది. ఆ తరువాత చెక్క పుల్లలు, మొద్దు కత్తి, అప్పడాల కర్ర వంటి పనిముట్లు చేర్చవచ్చు. మీరు కూర్చొని అందమైన ఏనుగు చేసి చూపించవద్దు. చూపిస్తే పిల్లలు తమ ముద్దను మీ చేతికి ఇచ్చి ‘నాకూ చెయ్యి’ అంటారు, మిగతా పూటంతా మీరే ఏనుగులు చేస్తూ కూర్చుంటారు.

చెక్క దిమ్మలు

దిమ్మలు కొనేవారు రంగులు చూడడం కంటే కొలతలు చూడాలి. అమెరికా విద్యావేత్త కరోలిన్ ప్రాట్ రూపొందించిన దిమ్మల కొలత నేటికీ ప్రమాణంగా నిలిచింది: ఒక్కొక్కటి సుమారు 14 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు, 3.5 మందం, అంటే ప్రతి కొలతా తరువాతి దానికి రెట్టింపు. రెండు సగం దిమ్మలు కలిస్తే ఒక పూర్తి దిమ్మ, రెండు పూర్తి దిమ్మలు కలిస్తే ఒక పెద్ద దిమ్మ. భిన్నాలనే మాట వినడానికి చాలా ఏళ్ల ముందే, వంతెనకు ఒక దిమ్మ తక్కువైనప్పుడు రెండు చిన్నవి పెట్టి సరిచేసుకోవడం ద్వారా ఆ లెక్క చేతికి అబ్బుతుంది. కొనలేనివారు ఒకే పరిమాణం ఉన్న ఖాళీ అట్ట డబ్బాల్లో పాత కాగితాలు గట్టిగా కూరి, మూతులు టేపుతో మూసి వాడుకోవచ్చు.

దిమ్మల ఆట సాగే తీరు గురించి అమెరికా శిశు విద్యావేత్త హారియెట్ జాన్సన్ 1933లో వివరించిన క్రమం ఇప్పటికీ పిల్లల్లో కనిపిస్తుంది. మొదట దిమ్మలను మోసుకు తిరుగుతారు, కట్టరు. తరువాత వరుసలుగా పేర్చడం, ఒకదాని మీద ఒకటి నిలపడం వస్తాయి. ఆపైన రెండిటి మీద ఒకటి అడ్డంగా పెట్టి వంతెన కడతారు, నాలుగింటితో ఆవరణ మూస్తారు, రెండు వైపులా ఒకేలా అలంకరిస్తారు, చివరికి ముందే పేరు పెట్టుకొని ‘ఇది ఆసుపత్రి’ అని కడతారు. మోసుకు తిరిగే పిల్లవాడిని కూర్చోబెట్టి గోపురం కట్టించడం వల్ల ప్రయోజనం లేదు. అతనికి పిడి ఉన్న బుట్ట లేదా తోసుకుపోయే పెట్టె ఇస్తే ఆ దశలో కావలసినది దొరుకుతుంది.

కూల్చేవారికీ కట్టేవారికీ మధ్య తగవు ఈ ఆటలో తప్పదు. కట్టేవారికి ఒక చాప విడిగా పరిచి, ఆ చాప మీదిది తాకకూడదనే నియమం పెట్టాలి. పసివారు పాకుతూ వస్తే మాత్రం ఆ నియమం పనిచేయదు గనుక నాలుగేళ్ల పిల్లను బల్ల మీద కట్టుకోనివ్వాలి, లేదా పాప కూల్చడానికే ఒక గోపురం కట్టిపెట్టే పని ఆమెకు అప్పగించాలి. రెండోదానికి పెద్దపిల్లలు ఉత్సాహంగా ఒప్పుకొంటారు, ఎందుకంటే అది పడిపోతుందని తెలిసి కట్టడంలో సరదా వేరు.

కాగితం, కత్తెర

కత్తెర కంటే ముందు చింపడం రావాలి. పాత పత్రికల కాగితాన్ని రెండు చేతుల వేళ్లతో పట్టుకొని ఒక చేతిని ముందుకు, మరొక దాన్ని వెనక్కు లాగడం రెండున్నరేళ్ల పిల్లవాడికి చిన్న పనేమీ కాదు. కత్తెర మూడేళ్ల ప్రాంతంలో, మొద్దు మొనలున్నది ఇవ్వవచ్చు. మొదట మొత్తం కాగితం ఇవ్వకూడదు. 2 సెంటీమీటర్ల వెడల్పు అట్ట పట్టీలు కోసి ఇస్తే ఒక్క కోతకే ముక్క ఊడిపడుతుంది, పని పూర్తయిన సంతోషం దక్కుతుంది. బొటనవేలు పైకి ఉండేలా పట్టుకోమని చెప్పాలి. అది కుదిరాక వెడల్పు పెంచి, ఆ తరువాత తిన్నని గీత, ఆపైన వంపు గీత ఇవ్వాలి. ఎడమచేతివాటం పిల్లలకు ఎడమచేతి కత్తెరే ఇవ్వాలి, లేకపోతే అంచు కనబడక, కాగితం మడతపడి విసుగు పుడుతుంది.

క్రేయాన్‌ను రెండేళ్లలోపువారు పిడికిలితో పట్టుకుంటారు. వారికి లావైనవి కావాలి. మూడేళ్లు దాటాక మాత్రం విరిచిన చిన్న ముక్కలు మేలు, ఎందుకంటే అవి పిడికిటిలో ఇమడవు, వేళ్ల కొనలతోనే పట్టుకోక తప్పదు. ఆ ముక్కలే చిన్నవారి గొంతుకు అడ్డం పడేవి గనుక వాటి డబ్బా పై అరలో ఉండాలి. కాగితాన్ని గోడకు అతికించి నిలబడి గీయిస్తే భుజం, మణికట్టు బలపడతాయి. గీసిన దాన్ని చూసి ‘ఏమిటిది?’ అని అడగడం మానుకోవాలి, చాలాసార్లు అది ఏమీ కాదు, చేయి కదిలిన దారి మాత్రమే. ‘ఇక్కడ గీత గుండ్రంగా తిరిగి మళ్లీ మొదటికే వచ్చింది’ అంటే పిల్లవాడు దాన్ని తిరిగి చూసుకుంటాడు. గీతలు దాటకుండా రంగులు నింపే అచ్చు పుటలను ఈ వయసులో పక్కన పెట్టడమే మంచిదని నా నమ్మకం. అవి పెద్దలకు చూపించుకోవడానికి బాగుంటాయి గానీ అందులో పిల్లలు నిర్ణయించేది రంగు ఒక్కటే.

లెక్క, మాట

లెక్కకు వేరే సమయం పెట్టనవసరం లేదు. అంకెలు వరుసగా అప్పచెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. మనస్తత్వవేత్తలు రోషెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ 1978లో లెక్కించడం వెనుక అయిదు సూత్రాలను వివరించారు: ఒక్కో వస్తువుకు ఒక్కటే అంకె, అంకెల వరుస మారకపోవడం, చివర చెప్పిన అంకె మొత్తాన్ని తెలపడం, దేన్నైనా లెక్కించగలగడం, ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం ఒకటే కావడం. భోజనం వేళ ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క పళ్లెం పెట్టే పని నాలుగేళ్ల పిల్లకు ఇస్తే మొదటి సూత్రం రోజూ సాధనలో ఉంటుంది. పెట్టడం పూర్తయ్యాక ‘మొత్తం ఎన్ని?’ అని అడిగినప్పుడు ఆమె మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే మూడో సూత్రం ఇంకా రాలేదన్నమాట.

ఆట మధ్యలో మనం ఎంత మాట్లాడాలన్నది అందరికీ సందేహమే. ‘ఇది ఏ రంగు? ఇవి ఎన్ని?’ అని వరుసగా అడిగితే ఆట పరీక్షగా మారుతుంది. జరుగుతున్నది చెప్పడం, ఆగడం, పిల్లవాడు ఏదైనా అంటే దానికి ఒకటి రెండు మాటలు చేర్చి తిరిగి అనడం, ఇంతే కావాలి. ‘పడింది’ అని వాడంటే ‘అవును, పై దిమ్మ జారి పడింది’ అనవచ్చు. ఏదైనా అడిగితే జవాబు కోసం మనసులో పది అంకెలు లెక్కపెట్టుకొనేంతసేపు ఆగాలి. ‘భలే, శభాష్’ అని ప్రతిదానికీ అనడం కంటే ‘గ్లాసు నిండక ముందే ఆపేశావు’ అనడం వల్ల తాను ఏమి సాధించాడో పిల్లవాడికి స్పష్టంగా తెలుస్తుంది.

సమయం, తగవులు

పూటకు ఒకసారి కనీసం ముప్పావుగంట ఎవరూ ఆపని ఆట దొరకాలి. మొదటి పావుగంట అటూ ఇటూ తిరగడంలోనే పోతుంది; అసలు ఆట ఆ తరువాత మొదలవుతుంది. పావుగంట కాగానే ‘ఇక సర్దండి’ అంటే అసలు ఆట ఎప్పుడూ జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 1 నుంచి 4 ఏళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాల శారీరక కదలిక ఉండాలి, 2 ఏళ్లలోపువారిని తెర ముందు కూర్చోబెట్టకూడదు, 2 నుంచి 4 ఏళ్లవారికి తెర సమయం గంటకు మించకూడదు. కూర్చొని ఆడే ఆటల మధ్య ఎక్కడం, దొర్లడం, బరువులు మోయడం కలపడానికి ఈ లెక్క పనికివస్తుంది. విసరడమే పనిగా పెట్టుకొన్న పిల్లవాడికి విసరవద్దని చెప్పడం కంటే మెత్తటి గుడ్డ ఉండలు, ఎదురుగా పెద్ద అట్టపెట్టె ఇవ్వడం తేలిక.

పిల్లల ఆటలను పరిశీలించిన అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో చూపినట్టు చిన్నపిల్లలు ముందు పక్కపక్కనే, ఎవరి ఆట వారు ఆడుకుంటారు. కలిసి ఒకే ఆట ఆడడం తరువాతి మెట్టు. రెండేళ్ల పిల్లలిద్దరిని ఒకే బకెట్ ‘పంచుకోండి’ అని ఒత్తిడి చేయడం అందువల్లనే ఫలించదు. ఒకేలాంటి బకెట్లు రెండు ఉంచాలి. పెద్దపిల్లలకు ‘నీ పని అయ్యాక అతనికి ఇవ్వు’ అనే నియమం సరిపోతుంది, సమయం కొలిచి లాక్కోవడం కంటే అది త్వరగా పనిచేస్తుంది.

రాసుకోవడం, శుభ్రం

ప్రతి బిడ్డకూ ఒక చిన్న పుస్తకంలో రోజుకు ఒక వాక్యం చాలు, అయితే అది చూసినదై ఉండాలి. ‘బాగా ఆడింది’ అని రాస్తే వారం తరువాత దానివల్ల ఉపయోగం లేదు. ‘మూడు దిమ్మలతో వంతెన కట్టి, కింద నుంచి బండి పోదని పక్క దిమ్మలను దూరం జరిపింది’ అని రాస్తే రేపు అరలో ఏమి పెట్టాలో అందులోనే ఉంటుంది. సాయంత్రం తీసుకువెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులకు ఆ వాక్యమే చెప్పవచ్చు. చేతిలో కాగితపు పువ్వు పెట్టి పంపకపోతే ఏమీ నేర్పలేదనుకొనే తల్లిదండ్రులు ఉంటారు. అలాంటివారికి ఆ పూట తీసిన ఒక ఫొటోతో పాటు ఈ మాట చెబితే నెమ్మదిగా అర్థమవుతుంది.

నోట్లో పెట్టుకొన్న వస్తువులు మళ్లీ అరలోకి పోకుండా వేయడానికి ఒక విడి బకెట్ పెట్టుకొని, సాయంత్రం సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చెక్క వస్తువులను నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరనివ్వాలి. స్పాంజిలను పిండి గాలి తగిలేచోట వేలాడదీయాలి, వాసన వస్తే పారేయాలి. పిల్లల్లో ఎవరికైనా జలుబో విరేచనాలో ఉంటే ఆ రోజు వాడిన పిండి ముద్దను దాచకుండా పారేసి, తొట్టి ఆటను అందరికీ కలిపి కాక విడి పళ్లేల్లో పెట్టాలి.